మొదటి గన్ కొంటున్నారా? ముందు వీసా చూడండి, తర్వాత మీ చెయ్యి చూడండి

‘అన్నా, ఫస్ట్ గన్ ఏది తీసుకోమంటావ్? గ్లాకా, సిగ్గా?’

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుర్రాళ్ళ నుంచి నాకు తరచూ వచ్చే మెసేజ్ ఇది. శనివారం పొద్దున్నే రేంజ్‌కి వెళ్ళి టార్గెట్ షూటింగ్ చేస్తానని మా సర్కిల్‌లో అందరికీ తెలుసు. అందుకే అడుగుతారు. గ్యాస్ స్టేషన్‌లోనో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో మనవాడి మీద కాల్పులు జరిగాయని వార్త వచ్చిన వారం అయితే ఫోన్ మోగుతూనే ఉంటుంది. భయం నాకు అర్థమవుతుంది. మా ఆవిడ ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు రాత్రి పదకొండింటికి ఎవరో తలుపు తడితే నాకూ గుండె జారుతుంది.

కానీ నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న బ్రాండ్ గురించి ఉండదు. ‘తమ్ముడూ, నీ వీసా ఏంటి?’ అని అడుగుతాను. అవతల కాసేపు ‘టైపింగ్’ అని కనిపిస్తుంది. తర్వాత ఏమీ రాదు.

తెనాలిలో మా నాన్నకైతే అమెరికాలో తుపాకీ కొనడమంటే సూపర్ మార్కెట్‌లో పాలడబ్బా కొన్నట్టే. టెక్సాస్‌లో సిటిజన్లకి, గ్రీన్ కార్డ్ వాళ్ళకి అది కొంతవరకు నిజమే కూడా. మనలాంటి వాళ్ళ కథ వేరు. ఎఫ్1, హెచ్1బి, హెచ్4, ఎల్1... ఇలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం అంటుంది. కొనడం సంగతి తర్వాత, దగ్గర ఉండటమే నేరం. ఫ్రెండ్‌తో సరదాగా రేంజ్‌కి వెళ్ళి, అద్దె తుపాకీ పట్టుకుని పది నిమిషాలు కాల్చి, ఇన్‌స్టాలో రీల్ పెట్టినా అది దగ్గర ఉన్నట్టే లెక్క. పైగా సాక్ష్యం మనమే అప్‌లోడ్ చేశాం. 2022లో చట్టం మారాక దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. ఆయుధాల కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం అవుతుంది. గ్రీన్ కార్డ్ ఉన్నా సరే.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మనకు పనికొచ్చేది ఒకటే. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి. అవును, వేట లైసెన్సే. టెక్సాస్‌లో ఆరు నెలలుగా ఉంటున్నవాళ్ళకి మామూలు లైసెన్స్ 25 డాలర్లు. 1971 సెప్టెంబర్ 2 లేదా ఆ తర్వాత పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి, అది ఆన్‌లైన్‌లో అయిపోతుంది. లైసెన్స్ తీసుకున్నంత మాత్రాన జింకల్ని కొట్టాలని రూలేం లేదు. నేను ఇప్పటిదాకా పావురాన్ని కూడా కొట్టలేదు.

అసలు పట్టు గడువు దగ్గర ఉంది. టెక్సాస్ లైసెన్స్ ఎప్పుడు తీసుకున్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1 పొద్దున లైసెన్స్ లేకుండా నిద్రలేస్తే, నిన్నటి వరకు చట్టబద్ధంగా బీరువాలో ఉన్న తుపాకీ ఇవాళ ఫెడరల్ నేరం. అందుకే నా ఫోన్ క్యాలెండర్‌లో ఆగస్టు 15 నుంచే అలారం ఉంటుంది. మా ఆవిడది హెచ్4. ఆమెకూ వేరే లైసెన్స్ ఉంది. భార్య రక్షణ కోసం అని తుపాకీ కొని, ఆ భార్యకి లైసెన్స్ తీయకపోతే ఏమవుతుందో ఆలోచించండి. అవసరం వచ్చిన రాత్రి ఆమె దాన్ని ముట్టుకోవడమే నేరం. సేఫ్ కోడ్ ఆమెకు తెలిసినా చిక్కేనని లాయర్లు అంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తారు కదా, వాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. ‘నాన్నా, ఒక్కసారి పట్టుకో, ఫొటో తీస్తా’ అనకండి.

‘సిటిజన్ బావ ఉన్నాడుగా, ఆయన పేరు మీద కొనేస్తే?’ అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. బావమరిది పేరు మీద స్థలం కొన్న జాతి మనది, ఆలోచన సహజమే. ఇక్కడ దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. 2022 నుంచి దానికి ప్రత్యేకంగా ఫెడరల్ సెక్షన్ ఉంది. గరిష్ఠంగా 15 ఏళ్ళు, ఇరుక్కునేది బావ కూడా. షాపులో నింపే 4473 ఫారంలో మొదట అడిగే విషయాల్లో ఇదొకటి: ఈ తుపాకీ నిజంగా కొంటున్నది మీరేనా? అదే ఫారంలో పౌరసత్వం, వీసా, ఐ-94 నంబర్ అన్నీ అడుగుతారు. హంటింగ్ లైసెన్స్ చూపించాలి. గంజాయి వాడకం గురించి కూడా ప్రశ్న ఉంటుంది, మీ రాష్ట్రంలో అది చట్టబద్ధమైనా సరే నిజమే రాయాలి. తర్వాత ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్. సిటిజన్లకి నిమిషాల్లో అయ్యే పని మనకి రోజులు పట్టొచ్చు. కంగారు పడక్కర్లేదు.

ఇదంతా అతిగా భయపెట్టడం అనుకుంటే హమీద్ రెహైఫ్ కేసు చూడండి. స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాలో చదువుకోవడానికి వచ్చాడు. మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది. దాంతో ఇమిగ్రేషన్ స్టేటస్ పోయింది. ఆ తర్వాత ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి రెండు తుపాకులతో కాల్చాడు. అంతే. ఎవరి మీదా కాల్చలేదు, ఎవరినీ బెదిరించలేదు. 18 నెలల జైలు శిక్ష పడింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తనకు స్టేటస్ లేదని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని 2019లో 7-2తో తీర్పు వచ్చింది. న్యాయశాస్త్రం పుస్తకాల్లో అది పెద్ద తీర్పు. అక్కడిదాకా వెళ్ళడానికి ఆ కుర్రాడి జీవితంలో ఎన్నేళ్ళు పోయాయో లెక్కేసుకోండి.

ఇంకో మాట. హంటింగ్ లైసెన్స్ మినహాయింపు చెల్లే స్టేటస్ ఉన్నవాళ్ళకే. లేఆఫ్ అయ్యి, 60 రోజుల గ్రేస్ పీరియడ్ దాటి, స్టేటస్ లేకుండా మిగిలిపోతే ఆ 25 డాలర్ల కాగితం ఏ పనికీ రాదు. కాబట్టి లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు చేయాల్సిన పనుల లిస్టులో రెజ్యూమె, లాయర్‌తో పాటు ‘గన్ అమ్మేయడం’ కూడా ఉండాలి. ఇది ఎవరూ చెప్పరు. నేను లాయర్‌ని కాను, మీ కేసు మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించండి. ఆ ఫీజు తుపాకీ ధర కంటే తక్కువే అవుతుంది.

సరే, పేపర్లు క్లియర్. ఏది కొనాలి?

ముందు ఒక చిన్న విషయం తేల్చుకోండి: ఎందుకు? టార్గెట్ షూటింగ్‌కి కావాల్సిన తుపాకీ, ఆత్మరక్షణకి కావాల్సిన తుపాకీ ఒకటి కావు. మొదటిది బరువుగా, పొడవుగా, మెత్తటి ట్రిగ్గర్‌తో ఉంటే మంచిది. రెండోది వెయ్యిసార్లు నొక్కితే వెయ్యిసార్లూ పేలాలి, చీకట్లో, వణికే చేతిలో కూడా. షాపులో సేల్స్‌మన్ రెండిటికీ ఒకటే చూపిస్తాడు. భయంతో వచ్చినవాళ్ళు సాధారణంగా అన్నిటికంటే చిన్నది ఎంచుకుంటారు. చేతిలో ముద్దుగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, సినిమాలో లాగా జేబులో పడుతుంది.

ఇక్కడే ఇంటర్ ఫిజిక్స్ గుర్తు చేసుకోవాలి. మామూలు 9 ఎంఎం గుండు 115 గ్రెయిన్లు, అంటే సుమారు ఏడున్నర గ్రాములు. సెకనుకి 350 మీటర్ల దరిదాపు వేగంతో ముందుకు వెళ్తుంది. దాని మొమెంటం ఎంతో, తుపాకీ అంత మొమెంటంతో వెనక్కి వస్తుంది. అంటే తుపాకీ బరువు సగమైతే అది మీ చేతిని తన్నే వేగం రెట్టింపు. ఖాళీ గ్లాక్ 19 సుమారు 670 గ్రాములు. సిగ్ పి365 సుమారు 500 గ్రాములు. స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్ 410 గ్రాముల లోపే, అందులో .38 స్పెషల్ తూటాలు ఐదు. కొత్తవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి ‘చిన్న రివాల్వర్ ఈజీ’ అని చెప్పేవాళ్ళు చాలామంది. వాళ్ళని ఒక బాక్స్ మొత్తం దానితో కాల్చమనండి, ఇరవై రౌండ్లకే మణికట్టు పట్టుకుని కూర్చుంటారు. పైగా ఆ ట్రిగ్గర్‌ని అయిదు కిలోల దాకా బలంతో లాగాలి. అంత గట్టిగా లాగుతుంటే బ్యారెల్ ఎటు తిరుగుతుందో ఊహించండి. చిన్న తుపాకీ దాచుకోవడానికి సుఖం, కాల్చడానికి కష్టం. కొత్తవాడికి కావాల్సింది కాల్చడానికి సుఖమైనది.

నన్నడిగితే మొదటిది .22 పిస్టల్. రూగర్ మార్క్ 4, బ్రౌనింగ్ బక్ మార్క్, కాస్త తక్కువలో టారస్ టిఎక్స్ 22. నేను మొదట కొన్నది మార్క్ 4. ఫ్రెండ్స్ నవ్వారు, ‘పిట్టల తుపాకీ’ అన్నారు. .22 తూటా ఒక్కోటి ఏడెనిమిది సెంట్లు. 9 ఎంఎం పాతిక సెంట్ల దరిదాపు, .45 అయితే దాదాపు అర డాలర్. నెలకి 400 రౌండ్లు కాల్చేవాడికి .22తో ముప్ఫై డాలర్లు అయ్యేది 9 ఎంఎంతో వంద. తుపాకీకి డబ్బు ఒక్కసారే పెడతాం, తూటాకి ప్రతి వారం పెడతాం. కానీ డబ్బు కంటే పెద్ద కారణం ఉంది. .22లో తన్నుడు దాదాపు లేదు. పెద్ద శబ్దం, పెద్ద తన్నుడు ఉన్న తుపాకీతో మొదలుపెట్టిన చెయ్యి, పేలబోతోందని తెలిసి ముందే ఉలిక్కిపడటం నేర్చుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్ళు మూతపడతాయి, బ్యారెల్ కిందికి వంగుతుంది, గుండు టార్గెట్‌కి ఆరంగుళాలు కింద తగులుతుంది. అది ఒకసారి అలవాటైతే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

రెండూ ఒకే తుపాకీతో కావాలి, రెండోది కొనను అంటారా? అయితే మధ్య సైజు 9 ఎంఎం. గ్లాక్ 19, స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పి 2.0 కాంపాక్ట్, సీజెడ్ పి-10 సి, వాల్తర్ పిడిపి... వీటిలో చెడ్డది లేదు. నాణ్యతలో తేడా కోసం యూట్యూబ్‌లో రాత్రంతా వీడియోలు చూడక్కర్లేదు. పిడి మీ అరచేతిలో ఎలా కూర్చుందో చూడండి. చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి సహజంగా రావాలి. పట్టు మార్చకుండా మ్యాగజైన్ బటన్ అందాలి. స్లైడ్ వెనక్కి లాగడం రావాలి. మా ఆవిడకి నాకు నచ్చిన గ్లాక్ స్లైడ్ లాగడం రాలేదు. మూడు రేంజ్‌లు, ఏడు అద్దె తుపాకులు తిరిగాక ఆమె చెయ్యి షీల్డ్ ఈజీ దగ్గర ఆగింది. స్లైడ్ తేలిగ్గా వచ్చేలా డిజైన్ చేసిన మోడల్ అది. ఆ రోజు ఆమె గ్రూపింగ్ నాకంటే బాగుంది. ఈ విషయం మా ఇంటికొచ్చే ప్రతి చుట్టానికీ చెబుతుంది.

అద్దెకు తీసుకుని కాల్చకుండా కొనొద్దు. చాలా రేంజ్‌లలో ఇరవై ముప్ఫై డాలర్లలో అద్దె తుపాకీ దొరుకుతుంది. ఒంటరిగా మొదటిసారి వచ్చినవాడికి చాలా రేంజ్‌లు అద్దెకు ఇవ్వవు. అవమానంగా తీసుకోకండి, ఆత్మహత్యల భయంతో పెట్టుకున్న రూల్ అది. ఒక బేసిక్ క్లాస్ కూడా చేరండి, అక్కడ సేఫ్టీ నియమాలు నాలుగూ మీ నోట పది సార్లు పలికిస్తారు. ప్రతి తుపాకీ లోడ్ అయి ఉన్నట్టే చూడు. నాశనం చేయదలచుకోని దేని వైపూ బ్యారెల్ తిప్పకు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు. గురి వెనక ఏముందో తెలుసుకో.

తూటా సంగతి

కౌంటర్ దగ్గర కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. 9 ఎంఎం లూగర్, 9 బై 19, 9 ఎంఎం పారాబెల్లం... మూడూ ఒకటే. 9 ఎంఎం మకరోవ్ వేరు. .380 ఆటో కూడా 9 ఎంఎం వ్యాసమే కానీ పొట్టిది, వేరే తూటా. .357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ కాల్చొచ్చు, తిరగేసి కుదరదు. మీ బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో, డబ్బా మీద అదే ఉండాలి. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే సులువు దారి లేదు.

రేంజ్‌కి ఫుల్ మెటల్ జాకెట్ చాలు. సీసం గుండుకి రాగి తొడుగు, ముక్కు గుండ్రంగా ఉంటుంది, చవక. స్టీల్ తూటాలు చాలా ఇండోర్ రేంజ్‌లు రానివ్వవు, గేటు దగ్గర అయస్కాంతం పెట్టి మరీ చూస్తారు. ఆత్మరక్షణకి హాలో పాయింట్. ముక్కున గుంట ఉంటుంది, శరీరంలోకి వెళ్ళగానే పువ్వులా విచ్చుకుని ఆగుతుంది. వినడానికి ఘోరంగా ఉంటుంది. దాన్ని ఎంచుకునే కారణం మాత్రం, అవతలి మనిషిని దాటి వెనకున్న వాళ్ళకి తగిలే అవకాశం తక్కువ కాబట్టి. ఎఫ్‌బీఐ పరీక్షల్లో బాలిస్టిక్ జెలటిన్‌లోకి 12 నుంచి 18 అంగుళాలు దిగి ఆగేదాన్ని మంచి తూటా అంటారు. ఫెడరల్ హెచ్‌ఎస్‌టి, స్పీర్ గోల్డ్ డాట్, హార్నడీ క్రిటికల్ డిఫెన్స్ అందరూ వాడే పేర్లు. ఒక్కోటి డాలర్ దరిదాపు పడుతుంది. ఖరీదైనా కనీసం రెండు డబ్బాలు మీ తుపాకీలో కాల్చి చూడండి. కొన్ని పిస్టళ్ళకి కొన్ని హాలో పాయింట్లు గొంతులో అడ్డం పడతాయి. ఆ విషయం రేంజ్‌లో తెలియాలి, ఇంట్లో రాత్రి రెండింటికి కాదు. ఎడిసన్ తమ్ముళ్ళకి ఒక మాట: న్యూజెర్సీలో హాలో పాయింట్లు బయట తిప్పడం మీద ఆంక్షలున్నాయి. అసలు అక్కడ తుపాకీ కొనడానికే ముందు పర్మిట్ కావాలి. నేను చెప్పే టెక్సాస్ పద్ధతులు అక్కడ పనికిరావు.

‘9 సరిపోతుందా? .45 తీసుకోవాలా?’ అనే వాదన రేంజ్‌లో టీకొట్టు రాజకీయాల్లాంటిది, తెగదు. ఎఫ్‌బీఐ శిక్షణ విభాగమే 2014లో 9 ఎంఎం వైపు మొగ్గింది. మంచి తూటా వాడితే తేడా పెద్దగా లేదని, తన్నుడు తక్కువ కాబట్టి ఎక్కువమంది ఏజెంట్లు దానితోనే వేగంగా, సరిగ్గా కొడతారని వాళ్ళ వాదన. రోజూ శిక్షణ పొందేవాళ్ళకే అది నిజమైతే, రోజంతా జావా కోడ్ కొట్టే నాకు ఇంకేం కావాలి?

ఇంకో సంగతి, మనకి ప్రత్యేకం. తుపాకీ పేలినప్పుడు సీసపు పొడి గాల్లోకి, చేతుల మీదికి, బట్టల మీదికి వస్తుంది. మనం చేత్తో అన్నం కలుపుకుని తినేవాళ్ళం. రేంజ్ నుంచి నేరుగా బిర్యానీ సెంటర్‌కి వెళ్ళే అలవాటు మా బ్యాచ్‌లో ఉండేది. ఇప్పుడు ముందు చల్లనీళ్ళు, సబ్బుతో చేతులు కడగడం, ముఖం కడగడం, చొక్కా మార్చడం, తర్వాతే ప్లేటు. ఇంట్లో పసిపిల్లలుంటే బూట్లు గుమ్మం బయటే. గర్భవతులు ఇండోర్ రేంజ్‌కి అసలు వెళ్ళకపోవడమే మంచిది. చెవులకి ఇయర్ ప్లగ్, దాని మీద మఫ్ రెండూ పెట్టుకోండి. శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇంట్లో పెట్టుకోవాలా?

ఇక్కడ నా అభిప్రాయం మెసేజ్ పెట్టిన వాళ్ళకి పెద్దగా నచ్చదు. మన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది బంగారం కోసం దొంగతనం. ఇంట్లో ఎవరూ లేని టైమ్ చూసుకుని వస్తారు. దానికి తుపాకీ ఏం చేస్తుంది? అది కూడా దొంగ సంచిలోకే వెళ్తుంది. నగలు బ్యాంకు లాకర్లో పెట్టడం, తలుపు ఫ్రేమ్‌కి మూడంగుళాల స్క్రూలు దిగ్గొట్టడం, కెమెరా... ఇవి ముందు. గ్యాస్ స్టేషన్‌లో అవతలివాడు అప్పటికే తుపాకీ గురిపెట్టాక మీ జేబులోది తీసేంత టైమ్ ఉండదు. గల్లా పెట్టె ఇచ్చేయడమే బతికే దారి. ఆత్మరక్షణ తుపాకీ పనికొచ్చే సందర్భం చాలా ఇరుకైనది: మీరు ఇంట్లో ఉన్నారు, ఎవడో తలుపు పగలగొడుతున్నాడు, పారిపోయే దారి లేదు, మీకు కొన్ని క్షణాలు ఉన్నాయి. అలాంటి రాత్రి రాదని అనను. ఆ ఇరుకు సందర్భం కోసం, తతిమ్మా రోజులన్నీ ఆ వస్తువు ఇంట్లో ఉంటుంది. ఆ రోజుల లెక్క కూడా వేసుకోవాలి.

అపార్ట్‌మెంట్ గోడలు ఇక్కడ జిప్సం బోర్డులు. 9 ఎంఎం గుండు వాటిని అట్టముక్కల్లా దాటుకుంటూ పోతుంది, హాలో పాయింట్ అయినా సరే. గోడ అవతల పక్కింటి వాళ్ళ పాప ఊయల ఉండొచ్చు. మా బెడ్‌రూమ్‌లో ఎటువైపు కాలిస్తే ఎవరింట్లోకి వెళ్తుందో నేనూ మా ఆవిడా నిలబడి చూసుకున్నాం. కాల్చగలిగిన దిక్కు ఒక్కటే మిగిలింది.

అమెరికాలో 2021లో తుపాకీతో పోయిన ప్రాణాలు 48,830. అందులో 26,328 ఆత్మహత్యలు, అంటే సగానికి పైగా. దొంగలూ కాదు, దుండగులూ కాదు. వీసా టెన్షన్, లేఆఫ్, ఒంటరితనం, ఊళ్ళో అప్పు... మన కుర్రాళ్ళ బతుకుల్లో ఇవన్నీ ఒకే నెలలో వచ్చి పడతాయి. ఇంట్లో గానీ, రూమ్మేట్స్‌లో గానీ ఎవరైనా అలాంటి దశలో ఉంటే ఆ ఇంటికి తుపాకీ రాకూడదు, ఉంటే బయటికి పంపేయాలి. 988కి ఫోన్ చేస్తే ఏ టైమ్‌లోనైనా మాట్లాడతారు. తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా పేలి మన తెలుగు విద్యార్థి ఒకరు చనిపోయిన వార్త కూడా పత్రికల్లో చూశాం. మ్యాగజైన్ తీసేస్తే ఖాళీ అయినట్టు కాదు. ఛాంబర్‌లో ఒకటి ఉండిపోతుంది. మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు గుడ్డ పట్టుకోండి. నేను శుభ్రం చేసే గదిలో తూటాలు ఉంచను, ఒక్కటి కూడా.

ఇంతా విని కూడా పెట్టుకుంటానంటే తుపాకీ ధరలో మూడో వంతు సేఫ్‌కి పెట్టండి. 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా ఉంచితే టెక్సాస్‌లో నేరం. బీరువాలో చీరల కింద, దేవుడి గూటి వెనక అని దాచే చోట్లన్నీ పిల్లలకి మనకంటే ముందు తెలుసు. 2021 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో పర్మిట్ లేకుండా నడుము దగ్గర పెట్టుకుని తిరగొచ్చు కదా అంటారు. చట్టం అడ్డు లేని వాళ్ళకి తిరగొచ్చు. బయట తిప్పడానికి కావాల్సిన శిక్షణ వేరే స్థాయిది, వీసా మీద ఉండి ఆ రిస్క్ తీసుకోవడం నా దృష్టిలో దండగ. మావి రెండూ ఇంటి నుంచి రేంజ్‌కి, రేంజ్ నుంచి ఇంటికి తాళం వేసిన పెట్టెలో వెళ్తాయి, వస్తాయి. అంతకుమించి ప్రయాణం లేదు.

ఇండియా వెళ్ళేటప్పుడు ఒక పని ఉంది. తుపాకీ ఎవరింట్లో పెడతారు? రూమ్మేట్ హెచ్1బి అయ్యి, హంటింగ్ లైసెన్స్ లేకపోతే వాడికిస్తే వాడు ఇరుక్కుంటాడు. మేమైతే తుపాకుల దుకాణంలో నెల అద్దెకి భద్రపరచడానికి ఇస్తాం. ఇక సూట్‌కేస్. రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగ్‌ని ఎప్పుడూ విమానం ఎక్కించకండి. జిప్ అరలో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపించి, ఆయుధాల చట్టం కింద కేసులో ఇరుక్కున్న ఎన్నారైల వార్తలు ఏటా చూస్తున్నాం. అక్కడ 9 ఎంఎం సామాన్యులకి నిషేధిత రకం, సర్ది చెప్పడం ఇంకా కష్టం. మా రేంజ్ బ్యాగ్ ఎర్రది. సూట్‌కేసులన్నీ నలుపు. ప్రయాణానికి ముందు రోజు మా ఆవిడ జీన్స్ జేబులు కూడా తిరగేసి చూస్తుంది.